రోహిణి కార్తె ఎండలో ఒంట్లో నీరు ఆరిపోకుండా పని చేసుకోవడం ఎలా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతి అటుంచితే, మే నెలాఖరున రెంటచింతలలోనో రామగుండంలోనో మామిడి కోతకో స్లాబు పనికో దిగిన మనిషి ఒంట్లోంచి గంటకు లీటరు చెమట ఇట్టే పోతుంది. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎండను ఆపలేం. ఒంట్లోంచి పోయే నీటిని, దానితో పాటు పోయే ఉప్పును ఏ పూటకా పూట తిరిగి చేర్చుకోవడం మాత్రం మన చేతిలో పని. అది ఎలాగో, ఎక్కడ తప్పుతుందో కొలతలతో సహా చూద్దాం.

దాహం వేసినప్పుడు తాగితే చాలదా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నవాళ్లకు చాలు. ఎండలో పని చేసేవాళ్లకు చాలదు. ఒంటి బరువులో ఒకటి నుంచి రెండు శాతం నీరు పోయాక గానీ దాహం గట్టిగా తెలియదు. 60 కిలోల మనిషికి రెండు శాతమంటే 1.2 లీటర్లు. అప్పటికే రక్తం పలచన తగ్గి, గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. చర్మానికి చేరే రక్తం తగ్గి ఒంటి వేడి బయటికి పోదు. చేయి తిరిగిన పనిలోనే పొరపాట్లు దొర్లుతాయి, నిచ్చెన మీద కాలు తడబడుతుంది. నాలుక పిడచకట్టాక చెంబెడు నీళ్లు గటగటా తాగితే దాహం తీరిందనిపిస్తుంది కానీ పోయిన నీరంతా వెనక్కి వచ్చినట్టు కాదు. నోరు తడవగానే, పొట్ట నిండగానే మెదడు తొందరపడి దాహం సంకేతాన్ని ఆపేస్తుంది. లోటు అలాగే ఉంటుంది.

ముందు మీ చెమట లెక్క తేల్చుకోండి

రోజుకు ఎనిమిది గ్లాసులు, అంటే దాదాపు రెండు లీటర్లు అన్న మాట అందరికీ తెలిసిందే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదీ ఇంచుమించు అంతే. నీడపట్టున ఉండే ఆరోగ్యవంతులకు అది మంచి మొదలు. ఎండలో పని చేసేవాళ్లకు మాత్రం ఎవరి లెక్క వాళ్లదే. ఒకే మేస్త్రీ కింద పని చేసే ఇద్దరిలో ఒకరి చొక్కా తడిసి ముద్దవుతుంది, ఇంకొకరిది వీపు మీదే తడుస్తుంది. ఇద్దరికీ ఒకే కొలత ఎలా సరిపోతుంది?

తేల్చుకోవడానికి బరువు తూచే మిషన్ ఒకటుంటే చాలు. పనికి వెళ్లే ముందు ఒంటేలుకు వెళ్లొచ్చి, తేలికపాటి బట్టలతో బరువు చూసుకోండి. పనిలో ఎన్ని నీళ్లు తాగారో గుర్తుపెట్టుకోండి. లీటరు సీసాతో తాగితే లెక్క తేలిక. తిరిగొచ్చాక చెమట తుడుచుకుని, అలాంటివే పొడి బట్టలు వేసుకుని మళ్లీ తూగండి. తడి బట్టలతో తూగితే చొక్కాలో ఉన్న చెమట కూడా బరువులో కలిసి లెక్క తప్పుతుంది. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టు.

ఉదాహరణకు, వెళ్లేటప్పుడు 62 కిలోలు, మూడు గంటల తర్వాత 60.8 కిలోలు, మధ్యలో తాగింది లీటరున్నర అనుకుందాం. తగ్గిన 1.2, తాగిన 1.5 కలిపితే 2.7 లీటర్లు. గంటకు 900 మిల్లీలీటర్లు. మధ్యలో ఒంటేలుకు వెళ్లి ఉంటే ఆ కొలత తీసేయాలి, అంచనాగా ఒకసారికి 200 నుంచి 300 మిల్లీలీటర్లు. ఇలా వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు చూసుకుంటే మీ ఒంటి లెక్క మీకు తెలిసిపోతుంది. ఉక్కపోత రోజున, పొడి గాలి రోజున విడిగా చూస్తే ఇంకా మంచిది. బరువు తగ్గిన ప్రతి కిలోకు లీటరుంపావు నుంచి లీటరున్నర వరకు సాయంత్రం లోపు నెమ్మదిగా తాగాలి. తాగిన దాంట్లో కొంత మూత్రంగా పోతుంది కాబట్టి ఆ అదనం.

మిషన్ లేకపోతే మూత్రం రంగే మీ కొలబద్ద. లేత గడ్డిరంగులో ఉంటే బాగున్నట్టు. ఆవనూనె రంగుకు తిరిగితే వెనకబడ్డట్టు. ముదురు తేనె రంగులో, కొద్దిగా, మంటగా వస్తుంటే పని ఆపి నీడలోకి వెళ్లాల్సిన సమయం. పొద్దున లేవగానే పోసేది ఎప్పుడూ కాస్త ముదురుగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. బి కాంప్లెక్స్ మాత్రలు వేసుకునేవాళ్లకు పచ్చగా మెరుస్తూ వస్తుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్‌తో నారింజ రంగులో వస్తుంది, బీట్‌రూట్ తిన్న మర్నాడు ఎర్రబడొచ్చు. అవి నీటి లోటు గుర్తులు కావు. కష్టం చేశాక మూత్రం టీ డికాషన్ రంగులో, నల్లగా వస్తే మాత్రం కండరాలు దెబ్బతిని ఉండొచ్చు. నీళ్లు తాగి ఊరుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఏ వేళకు ఎంత

ఎండలో పని చేసేవాళ్లకు వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్పే కొలత ఇది: ప్రతి 15–20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లు. గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా. ఎంత చెమట పట్టినా గంటకు 1.4 లీటర్లు దాటొద్దు. ఎందుకో తర్వాత చెప్తాం.

గడియారం చూసుకుంటూ గడ్డపార పట్టుకునేవాళ్లెవరూ ఉండరు. అందుకని పనికే ముడిపెట్టుకోండి. కలుపు తీసేవాళ్లు సాలు చివరికి రాగానే ఒక గ్లాసు, ఇటుక మోసేవాళ్లు ఇన్ని తట్టలకొక గ్లాసు, డెలివరీ కుర్రాళ్లు ప్రతి ఆర్డరు ఇచ్చి బండి ఎక్కే ముందు నాలుగు గుక్కలు. డబ్బా దూరంగా చెట్టు కింద ఉంటే ఎవరూ వెళ్లరు. డబ్బా మనిషితో పాటు కదలాలి. నీళ్లు అందుబాటులో ఉండడం ఆరోగ్య సూత్రాలన్నిటికంటే ఎక్కువ పని చేస్తుంది.

పొద్దున లేచాక రెండు గ్లాసులతో మొదలుపెట్టండి. రాత్రంతా ఏమీ తాగలేదు కదా. పనిలోకి దిగడానికి అరగంట ముందు ఇంకో గ్లాసు. ఆరింటికి దిగి పదకొండింటికి ఎక్కే పనైతే అయిదు గంటలకు దగ్గర దగ్గర నాలుగు లీటర్లు కావాలి. లీటరు సీసా ఒక్కటి పట్టుకెళ్లి, అదీ అయిపోకుండానే తిరిగొచ్చామని సంబరపడితే మూడు లీటర్ల లోటు మోసుకొచ్చినట్టే. అయిదు లీటర్ల క్యాను చుట్టూ గోనెసంచి తడిపి చుడితే పొద్దెక్కినా చల్లగా ఉంటుంది. ఇంటికొచ్చాక అన్నంతో పాటు తాగే నీళ్లు, పప్పుచారు, మజ్జిగ అన్నీ లెక్కే. మామూలు రోజుల్లో మన నీటి అవసరంలో అయిదో వంతు దాకా తిండి నుంచే వస్తుంది.

కొత్తగా ఎండ పనిలోకి వచ్చినవాళ్లకు, సెలవుల తర్వాత తిరిగి వచ్చినవాళ్లకు మొదటి వారం గండం. ఎండకు ఒళ్లు అలవాటు పడడానికి ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అలవాటు పడిన ఒళ్లు తొందరగా, ఎక్కువగా చెమట పడుతుంది కానీ ఆ చెమటలో ఉప్పు తక్కువ పోనిస్తుంది. కొత్తవాళ్లకు మొదటి రోజు అయిదో వంతు పనే చెప్పి, రోజుకింత పెంచుకుంటూ పోవాలి. ఏసీ గదిలో చదువుకుని వేసవి సెలవులకు ఊరొచ్చి, వచ్చిన రోజే మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఆడే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

ఉప్పు లేని నీళ్లు సగం మందే

చెమట ఉప్పగా ఎందుకుంటుందో అందరికీ తెలుసు, ఎంత ఉప్పగా ఉంటుందో తెలియదు. మనిషిని బట్టి చాలా తేడా ఉన్నా, సగటున లీటరు చెమటలో గ్రాము సోడియం పోతుంది. అంటే రెండున్నర గ్రాముల ఉప్పు, తలకొట్టిన చిన్న చెంచాలో సగానికి కాస్త తక్కువ. నల్ల చొక్కా మీద తెల్ల చారలు కడుతున్నవాళ్లకు, రాత్రి పడుకున్నాక పిక్కలు పట్టేస్తున్నవాళ్లకు ఇంకా ఎక్కువ పోతున్నట్టు. గంట లోపు పనికి, ఇంటి పనికి మామూలు నీళ్లు చాలు. రెండు గంటలు దాటిన ఎండ పనికి మాత్రం తాగేదాంట్లో మూడో వంతో సగమో ఉప్పున్నదై ఉండాలి.

దానికి మజ్జిగను మించింది లేదు. 200 గ్రాముల పెరుగు బాగా చిలికి, 800 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి, తలకొట్టిన అర చెంచా ఉప్పు వేయండి. ఉప్పు మూడు గ్రాములవుతుంది. లీటరు చెమటలో పోయింది లీటరు మజ్జిగలో తిరిగి వచ్చినట్టే. కరివేపాకు, అల్లం, జీలకర్ర మీ ఇష్టం. మీగడ తీసేయండి, కొవ్వు ఎక్కువైతే పొట్టలోంచి నెమ్మదిగా కదులుతుంది. గడ్డపెరుగు మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి మజ్జిగ అనుకోవద్దు, అది అన్నంలోకి బాగుంటుంది. పొద్దున కలిపిన మజ్జిగ ఎండలో మధ్యాహ్నానికి పులుస్తుంది. కాస్త పులిస్తే ఫర్వాలేదు, నురగ కట్టి వాసన మారితే పారబోయండి. రాగి సీసాలో, కళాయి వేయని ఇత్తడి చెంబులో మజ్జిగ గానీ నిమ్మరసం గానీ పోయకూడదు. పులుపు లోహాన్ని కరిగించి వాంతులు చేయిస్తుంది. రాగి సీసా మంచినీళ్లకే.

పెరుగు పడనివాళ్లకు నిమ్మకాయ నీళ్లు: లీటరుకు రెండు కాయలు, అర చెంచా ఉప్పు, రెండు మూడు చెంచాల పంచదార లేదా బెల్లం. గంజి వార్చే ఇళ్లలో ఆ గంజే మంచి పానీయం. అందులో పిండిపదార్థం పేగుల్లో నెమ్మదిగా గ్లూకోజుగా మారి ఉప్పునూ నీటినీ లోపలికి లాగుతుంది. గంజి చిక్కగా ఉంటే సమానంగా నీళ్లు కలిపి, లీటరుకు అర చెంచా ఉప్పు వేసుకోవచ్చు. తెలంగాణలో జొన్న అంబలి, సీమలో రాగి జావ, కోస్తాలో చద్దన్నం తరవాణి, ఇవన్నీ ఒకే పని చేస్తాయి: నీరు, ఉప్పు, కాస్త తిండి కలిపి ఒకేసారి ఇస్తాయి. కుక్కర్లు వచ్చి గంజి పోయింది, గంజి పోయాక దుకాణంలో రంగునీళ్లు వచ్చాయి. శ్రీరామనవమి పానకం రుచికి మంచిదే, అందులో బెల్లం ఉంది కానీ ఉప్పు లేదు. కాబట్టి దాన్ని పనిలో ఆధారంగా పెట్టుకోలేం.

ఈ ఉప్పు లెక్క చెమట కారే రోజులకే. రోజుకు అయిదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట మిగతా రోజుల్లో అలాగే ఉంది. ఆవకాయా అప్పడం తిని, ఆఫీసులో కూర్చుని ఉప్పు మజ్జిగ లీటర్లకు లీటర్లు తాగితే బీపీ పెరగడం తప్ప ఒరిగేదేం లేదు. బీపీ ఉన్నవాళ్లు ఎండ పని చేసేట్టయితే ఉప్పు కొలతను డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి.

కొబ్బరి బోండాం గురించి ఒక మాట. పొటాషియం బాగా ఉంటుంది, గ్లాసుకు అటూ ఇటుగా 600 మిల్లీగ్రాములు. సోడియం తక్కువ. చెమటలో పోయేది ప్రధానంగా సోడియం. కాబట్టి బోండాం తాగి చిటికెడు ఉప్పున్న పల్లీలో మజ్జిగో తీసుకుంటే లెక్క సరిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆ పొటాషియమే ప్రమాదం, గుండె లయ తప్పొచ్చు. పలకరించడానికి వెళ్తూ వాళ్లకు బోండాలు పట్టుకెళ్లొద్దు.

కూల్‌డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు పది గ్రాముల పైనే చక్కెర. అంత తీపి పేగుల్లోకి వెళ్తే నీరు అక్కడే చిక్కుతుంది, విరేచనాలున్నవాళ్లకు ఇంకా ఎక్కువవుతాయి. చెరకు రసం కథా అదే, పైగా ఆ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు. టీ, కాఫీలు ఒంట్లో నీటిని పిండేస్తాయన్నది అతిశయోక్తి. రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లకు అవీ నీటి లెక్కలోకే వస్తాయి. బీరు, కల్లు మాత్రం రావు. మద్యం మూత్రాన్ని పెంచుతుంది, మర్నాడు పనిలోకి వెనకబడ్డ ఒంటితో దిగుతారు.

ఓఆర్‌ఎస్ కలపడం: చిన్న పని, పెద్ద పొరపాట్లు

వాంతులో విరేచనాలో పట్టుకుంటే మజ్జిగలు పక్కన పెట్టి ఓఆర్‌ఎస్ అందుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు. మొత్తం 20.5 గ్రాములు. చిన్న పేగు గోడల్లో సోడియాన్నీ గ్లూకోజునూ జంటగా లోపలికి తీసుకునే ద్వారాలున్నాయి. రెండూ తగిన పాళ్లలో వస్తేనే తలుపు తెరుచుకుంటుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. కలరా వచ్చి పేగులు నీటిని కక్కేస్తున్నప్పుడు కూడా ఈ ద్వారాలు పని చేస్తాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో బొంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్లు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ములలో ఈ నీళ్లు కలిపి రోగులకు తాగించారు. దాదాపు 30 శాతం ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. ఆయన మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ వచ్చింది.

కలిపేటప్పుడు జరిగే తప్పుల్లో అన్నిటికంటే ప్రమాదమైనది లీటరు ప్యాకెట్టును గ్లాసు నీళ్లలో కలపడం. ఉప్పు అయిదు రెట్లవుతుంది, పసిపిల్లలకు ఫిట్స్ దాకా తీసుకెళ్తుంది. మార్కెట్‌లో లీటరుకు సరిపడే పెద్ద ప్యాకెట్లు, 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్నవి రెండూ ఉన్నాయి. చించే ముందు ఎన్ని నీళ్లని రాసి ఉందో చదవండి. ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొడి సగం నీళ్లకని పంచితే పొడిలోని లవణాలు సమంగా పడవు. నీళ్లను ముందే కాచి చల్లార్చుకోవాలి, కలిపాక కాచకూడదు. పంచదార, పాలు, రసాలు చేర్చకూడదు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తగా కలపాలి.

రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండు నుంచి పదేళ్ల వాళ్లకు 100 నుంచి 200, ఆపై వాళ్లకు తాగగలిగినంత. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టండి. గ్లాసుతో పడితే కక్కే పిల్లలు చెంచాతో నిలుపుకుంటారు. ఓపిక కావాల్సింది పట్టేవాళ్లకే. పిల్లలకు డాక్టరు సలహాతో జింకు మాత్రలు కూడా 14 రోజులు వేయిస్తారు, విరేచనాలు ఆగాయని మధ్యలో మానేయొద్దు.

ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలకొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది. రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయండి. ఇందులో పొటాషియం ఉండదు కాబట్టి ప్యాకెట్టు వచ్చేదాకా సర్దుబాటు మాత్రమే.

దుకాణాల్లో అట్ట డబ్బాల్లో ఓఆర్‌ఎస్ అన్న మాట పేరులో పెట్టుకుని అమ్మిన తీపి పానీయాలకు ఈ సూత్రంతో సంబంధం లేదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రత ప్రమాణాల సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పదం వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో, గ్లూకోజు లీటరుకు 13.5 గ్రాములో కాదో చూసుకోండి.

కుండ, బోరు, ఐసు

చల్లగా ఉంటే ఎక్కువ తాగుతాం, అందుకే మట్టి కుండ. రంధ్రాల్లోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకెళ్తుంది. అనంతపురం, రామగుండం లాంటి పొడి గాలి ఊళ్లలో రంజన్‌లో నీళ్లు జివ్వుమంటాయి. కాకినాడ, మచిలీపట్నాల్లో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి అదే కుండ అంత చల్లబరచదు, దాన్ని తిట్టి లాభం లేదు. గాలి ఆడే చోట, ఇసుక మీద పెట్టండి. రెండేళ్లకు కుండ పని చేయడం మానేసిందంటే రంధ్రాలు ఉప్పు పేరుకుని మూసుకున్నట్టు. కొబ్బరి పీచుతో, నీళ్లతో రుద్దాలి, సబ్బు తగలనివ్వొద్దు. చెయ్యి ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీసుకోండి.

నల్లగొండ, ప్రకాశం లాంటి జిల్లాల ఫ్లోరైడు పల్లెల్లో ఇంకో మెలిక ఉంది. ఎండాకాలం రెట్టింపు నీళ్లు తాగితే ఒంట్లోకి రెట్టింపు ఫ్లోరైడు వెళ్తుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే గతి లేనప్పుడు 1.5 వరకు. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పొలంలో బోరు నీళ్లు చల్లగా తియ్యగా ఉన్నా, తాగడానికి నది నీళ్ల కుళాయి నుంచి పట్టుకెళ్లండి.

తాగకుండా ఉండేవాళ్లు

బట్టల దుకాణంలో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయిలు, కూలి పనికెళ్లే ఆడవాళ్లు, బడిపిల్లలు నీళ్లు తక్కువ తాగడానికి కారణం తెలియకపోవడం కాదు, మరుగుదొడ్డి లేకపోవడం. దీనికి అసలు మందు మరుగుదొడ్డే. అది కట్టేలోపు చేయగలిగింది కొంత ఉంది. లేచిన దగ్గర్నుంచి బయల్దేరడానికి గంట ముందు వరకు రెండు మూడు గ్లాసులు తాగి, వెళ్లే ముందు ఒంటేలుకు వెళ్లండి. పనిలో ఒకేసారి గ్లాసు తాగకుండా నాలుగేసి గుక్కలు. ఉప్పున్న మజ్జిగ, పాలు ఒట్టి నీళ్ల కంటే ఎక్కువసేపు ఒంట్లో నిలుస్తాయి, అంత త్వరగా మూత్రంగా మారవు. మూత్రంలో మంట తరచూ వచ్చే స్త్రీలు తక్కువ నీళ్లు తాగుతుంటే, మామూలుగా తాగేదానికి లీటరున్నర అదనంగా తాగించి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది. అలా తాగినవాళ్లకు ఏడాదిలో సగటున 1.7 ఇన్‌ఫెక్షన్లు వస్తే, తాగనివాళ్లకు 3.2 వచ్చాయి.

పెద్దవాళ్లకు దాహమే సరిగా తెలియదు. "మంచినీళ్లు కావాలా మామయ్యా?" అని అడిగితే "వద్దులేమ్మా" అంటారు. అడక్కుండా చేతికివ్వండి, టీతో పాటు, మాత్రలతో పాటు, టీవీ సీరియల్ మొదలయ్యేముందు. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలు, కొన్ని షుగరు మాత్రలు వాడేవాళ్లకు వాంతులో విరేచనాలో పట్టుకుంటే నీటి లోటు తొందరగా ముంచుతుంది. ఆ రోజుకు ఏ మాత్ర ఆపాలో డాక్టరుకు ఫోను చేసి అడగండి. గుండె నీరసించినవాళ్లు, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు, డయాలసిస్ వాళ్లు ఈ వ్యాసంలోని కొలతలేవీ పాటించొద్దు, వాళ్ల డాక్టరు చెప్పిన లెక్కే లెక్క. ఆరు నెలలు నిండని పసివాళ్లకు మండుటెండల్లోనూ చుక్క నీళ్లు పట్టొద్దు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే. పాలిచ్చే తల్లి మాత్రం రోజుకు మూడు నాలుగు గ్లాసులు ఎక్కువ తాగాలి.

కిడ్నీలో రాళ్లు ఒకసారి వచ్చినవాళ్లకు నీళ్లు నిజంగా మందే. రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత తాగాలి. ఒక ఆదివారం ఇంట్లో ఉండి, సీసాలో పట్టి కొలిచి చూడండి, చాలామందికి లీటరు కూడా రాదు. ఇటలీలో 1996లో వెలువడిన అధ్యయనంలో అలా ఎక్కువ తాగినవాళ్లలో అయిదేళ్లలో 12 శాతం మందికే రాళ్లు మళ్లీ వచ్చాయి, మిగతావాళ్లలో 27 శాతానికి. బీరు తాగితే రాళ్లు పడిపోతాయన్న మాట తాగేవాళ్లు పుట్టించిందే. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది కాబట్టి రాళ్లున్నవాళ్లు ఉప్పు మజ్జిగను చెమట పట్టిన రోజుకే పరిమితం చేసుకోవాలి. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల మధ్య ప్రబలిన కిడ్నీ జబ్బుకు కారణం ఇదమిత్థంగా తేలలేదు. దాన్ని నీళ్లు తాగకపోవడం మీదికి నెట్టేయడం న్యాయం కాదు. అయితే మధ్య అమెరికాలో చెరకు కోత కూలీల కిడ్నీ జబ్బులో వేడికీ నీటి లోటుకూ పాత్ర ఉందని గట్టి ఆధారాలున్నాయి. అక్కడ నీళ్లతో పాటు నీడ, విశ్రాంతి కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు.

ఇక పొద్దున్నే నాలుగు లీటర్లు తాగితే చర్మం మెరుస్తుందని, విషాలన్నీ కొట్టుకుపోతాయని చెప్పే జలచికిత్స వీడియోలు. కిడ్నీలు గంటకు లీటరుకు మించి నీటిని బయటికి పంపలేవు. అంతకంటే వేగంగా పోస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది, మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వాంతులు, అయోమయం, ఆపై ఫిట్స్. మారథాన్‌లో పరుగెత్తుతూ కేవలం నీళ్లు తాగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. గంటకు 1.4 లీటర్లు దాటొద్దన్నది అందుకే. నీళ్లు బాగా తాగుతున్నా తల పగిలిపోతూ, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగిసి, మూత్రం తెల్లగా వస్తుంటే ఇంకా నీళ్లు పట్టకండి.

తేడా వచ్చినప్పుడు

కళ్లు బైర్లు కమ్మడం, ఒళ్లు తూలడం, వికారం, చల్లగా జిగటగా ఉన్న చర్మం: ఇది శోష. నీడలో వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో పెట్టి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ గానీ ఉప్పు మజ్జిగ గానీ గుక్క గుక్కగా పట్టండి. అరగంటలో తేరుకోవాలి. ఆ రోజుకు మళ్లీ పనిలోకి పంపొద్దు.

మాట తడబడుతోంది, ఎక్కడున్నాడో తెలియట్లేదు, ఒళ్లు పెనంలా కాలుతోంది అంటే వడదెబ్బ. చెమట ఆగిపోవాలని లేదు, కష్టం చేస్తూ పడిపోయినవాళ్లకు ఒళ్లు తడిగానే ఉండొచ్చు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. 108కి ఫోను చేయించి, బండి వచ్చేలోపు చల్లబరచడం మొదలుపెట్టండి. చొక్కా తీసేసి బిందెలతో నీళ్లు గుమ్మరించి, తువాలుతో విసరండి. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి చంకల్లో, గజ్జల్లో, మెడ పక్కన పెట్టండి. మొదటి అరగంటలో వేడి దిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. ఈ వేడికి పారాసిటమాల్ పని చేయదు, జేబులో పెట్టుకున్న ఉల్లిపాయా పని చేయదు. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్లు పోస్తూనే ఉండండి.